ధ్వనిచిత్రములను చదువు తీరు



మా యూర నెవరి యింటికైనను స్కానింగు కాగితము వచ్చినచో, అది వైద్యుని బల్లమీదినుండి తిన్నగా నా యరుగుమీదికి వచ్చుట వాడుకయైనది. నేను వైద్యుడను గాను. బడిలో ముప్పదియేండ్లకు పైగా తెలుగును, సంస్కృతమును బోధించి విశ్రాంతి పొందినవాడను. ఐనను, "పంతులుగారికి నాలుగక్షరములు వచ్చును గదా, చదివి చెప్పుదురు" అని పెద్దలును పిన్నలును వచ్చుచుందురు. కాగితముతోపాటు నలుపు తెలుపుల చిన్న బొమ్మ యొకటి యుండును. దానిని వెలుతురున కెత్తిపట్టి, ఇటు త్రిప్పి, అటు త్రిప్పి, "పంతులుగారూ, ఈ నల్లని మచ్చయే గదా రోగము?" అని యడుగుదురు.

ఆ ప్రశ్నకు బదులు చెప్పలేక కొంతకాలము మిన్నకుంటిని. పిమ్మట రెండు సంగతులు జరిగినవి. ఒక రైతు తన మూత్రపిండమున నీటితిత్తి యొకటి యున్నదని కాగితమువలన దెలిసికొని, శస్త్రచికిత్సకు ధనము కావలెనని కాడియెడ్లను బేరము పెట్టెను. ఎడ్లు చేయి మాఱకముందే వైద్యుడు బొమ్మను జూచి, "ఇట్టిది వయసు మీఱినవారిలో ననేకులకు నుండును. దీనికి మందును వలదు, కత్తియు వలదు" అని చెప్పి పంపెను. మఱియొకాయన కాగితమున మొదటి పంక్తిలో 'నార్మల్' అను మాట జూచి సంతసించి, దానిని చూరులో దోపి యూరకుండెను. క్రింది పంక్తులలో వేఱొక సంగతి యుండెను. ఆ సంగతి యాఱు మాసములకు గాని వైద్యుని కంట బడలేదు. ఆ యాలస్యమునకు ఆయన చాల బాధ ననుభవించెను.

త్రాటిని జూచి పామనుకొనుట యొక పొరపాటు. పామును జూచి త్రాడనుకొనుట రెండవ పొరపాటు. మొదటిది ధనమును, మనశ్శాంతిని హరించును. రెండవది ప్రాణమునే హరింపవచ్చును. రెండింటికిని మూలమొక్కటే: ఆరోగ్యముగల యవయవము బొమ్మలో నెట్లుండునో యెఱుగకుండుట. పట్టణమున స్కానింగు పరీక్షలు చేయు వైద్యు డొకడు నా పూర్వశిష్యుడు. అతని నాశ్రయించి, రోగుల పేరులు తీసివేసిన బొమ్మలను ముందు పెట్టుకొని, ఆదివారములయందు కొంత నేర్చుకొంటిని. గురువు శిష్యునికి శిష్యుడగుటలో సిగ్గేమున్నది? అట్లు నేర్చినదానిలో గ్రామపెద్దల కుపయోగించునంత మాత్రము నేడు మనవి చేసెదను.

మొట్టమొదట దెలియవలసిన దేమనగా, ఇది వెలుతురుతో దీసిన ఛాయాచిత్రము కాదు. ఎక్స్‌రే బొమ్మయు గాదు. ఇది శబ్దము గీచిన బొమ్మ. లోతైన బావి గట్టున నిలిచి 'ఓహో' యని పిలిచినచో, ఆ పిలుపు నీటిని తాకి మరలి వచ్చును. బావి యెంత లోతైన నంత యాలస్యముగా బదులు వచ్చును. స్కానింగు యంత్రము చేయునదియు నిదియే. గబ్బిలము చీకటిలో గోడను తాకకుండ నెగురుట యీ యుపాయముననే.

మన చెవికి వినబడు శబ్దము సెకనునకు ఇరువదివేల కంపనములకు మించదు. పొట్టను పరీక్షించు యంత్రమునుండి వెలువడు శబ్దము సెకనునకు 20 లక్షలు మొదలు 50 లక్షల కంపనములు గలది. కావున మనకు వినబడదు. వైద్యుడు చేతబట్టి శరీరమున కానించు పనిముట్టును ప్రోబు అందురు. అందులో నొక జాతి స్ఫటికములవంటి బిళ్లలుండును. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని ఫ్రాన్సు దేశమున క్యూరీ సోదరులు 1880 వ సంవత్సరమున గనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో నట్టివి కంపించి శబ్దమును పుట్టించును. ఈ రెండు గుణములు నుండుటచేత ఆ బిళ్లయే నోరును, ఆ బిళ్లయే చెవియు నగుచున్నది.

మెత్తని మాంసములో శబ్దము సెకనునకు సుమారు 1,540 మీటర్ల దూరము పోవును. పది సెంటీమీటర్ల లోతునకు పోయి మరలివచ్చుటకు సెకనులో 7,700 వ వంతు కాలము చాలును. యంత్ర మా కాలమును కొలిచి లోతును నిర్ణయించును. మరలివచ్చిన శబ్దము బలమును బట్టి రంగు నిర్ణయించును. గట్టిగా మరలినచో తెలుపు, కొంచెముగా మరలినచో బూడిదవన్నె, ఏమియు మరలనిచో నలుపు. బొమ్మలో పైయంచు ప్రోబు ఆనించిన చర్మము. క్రిందికి దిగినకొలది శరీరములో లోతు.

కావున నలుపనగా రోగము కాదు. తెలుపనగా ఆరోగ్యము గాదు. నలుపనగా బదులు రాలేదని యర్థము. తెలుపనగా గట్టి బదులు వచ్చినదని యర్థము. ఇంతకుమించి రంగునకు వేఱు తాత్పర్యము లేదు. కాగితముమీద వ్రాయు 'ఎకో' అను మాటకు ప్రతిధ్వని యని యర్థము. 'యానెకోయిక్' అనిన నల్లనిది, 'హైపోఎకోయిక్' అనిన చుట్టుపట్ల కంటె మసకయైనది, 'హైపరెకోయిక్' అనిన చుట్టుపట్ల కంటె తెల్లనైనది. ఇవి రోగముల పేరులు గావు, రంగుల పేరులు మాత్రమే. ఈ మాట లెఱుగక భయపడినవారి నెందఱినో చూచితిని.

శరీరములోని పదార్థములు శబ్దమునకు నాలుగు విధములుగా బదులు చెప్పును. నిర్మలమైన నీరు బదులు చెప్పదు. కావున నల్లగా నుండును. అంతియేగాక నీటిని దాటునపుడు శబ్దము బలము తగ్గదు గనుక, నీటి వెనుకనున్న చోటు మఱింత తెల్లగా గనబడును. రాయియు, ఎముకయు శబ్దమును ముందుకు పోనీయవు; కావున వాని ముఖము తెల్లగా మెఱయును, వెనుక నల్లని నీడ పడును. మాంసము బూడిదవన్నెలో నుండును. అందును కాలేయమున కొక నేత, మూత్రపిండమున కొక నేత, వస్త్రములయందు వలె వేఱువేఱుగా నుండును. నాలుగవది గాలి. గాలి తగిలినచోట శబ్ద మించుమించుగా నంతయు వెనుకకు మరలిపోవును. దాని వెనుక నేమున్నదియు సరిగా దెలియదు.

పరీక్షకు ముందు చేయు పనులన్నియు నీ నాలుగు సూత్రములనుండి పుట్టినవే. పొట్టమీద చల్లని జెల్లు పూయుట మందు కాదు. ప్రోబునకును చర్మమునకును నడుమ గాలి లేకుండ జేయుటకే. క్రింది పొట్ట పరీక్షకు నీరు త్రాగి మూత్రము నాపుకొని రమ్మనుట, నిండిన మూత్రాశయము ప్రేగులను ప్రక్కకు త్రోసి, నీటి కిటికీవలె లోపలిదానిని చూపుననియే. కొందఱు సిగ్గుపడి, కొందఱు విసిగి, ఈ నియమములను తప్పుదురు. పిదప బొమ్మ సరిగా రాలేదని వైద్యుని నిందింతురు. నేనును నిందించినవాడనే. ఆ సంగతి ముందు చెప్పెదను.

ఈ విద్య మనుష్యవైద్యమునకు వచ్చిన కథలో మన కొక పాఠము గలదు. స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరమందు ఇయన్ డొనాల్డు అను ప్రసూతివైద్యాచార్యు డుండెను. ఆ కాలమున కర్మాగారములలో లోహపురేకుల లోపలి పగుళ్లను శబ్దముతో కనిపెట్టు యంత్రములు గలవు. ఇనుములోని పగులు తెలియునేని, మాంసములోని గడ్డ యేల తెలియరాదని ఆయనకు తోచెను. 1955 వ సంవత్సరమున, శస్త్రచికిత్సలో తీసివేసిన గడ్డలను, నీటితిత్తులను మోటారుబండిలో వేసికొని, ఆవిరి బాయిలర్లు చేయు నొక కర్మాగారమునకు పోయెను. వానితోపాటు రోగము లేని మంచి మాంసపుముక్క నొకదానినిగూడ గొనిపోయెను. అది యెందులకు? పోల్చి చూచుటకు. మంచి మాంసము చెప్పు బదులును విన్నపిమ్మటనే గడ్డ చెప్పు బదులు వేఱని యాయన నిశ్చయించుకొనెను.

తరువాత టామ్ బ్రౌన్ అను యంత్రశిల్పియు, జాన్ మెక్‌వికార్ అను వైద్యుడును తోడై, ముగ్గురును కలిసి 1958 వ సంవత్సరమున 'లాన్సెట్' అను వైద్యపత్రికలో తమ బొమ్మలను ప్రకటించిరి. అంతకుముందే యొక స్త్రీకి పొట్ట పెరుగుచుండగా, అది నయముకాని క్యాన్సరని వైద్యులు నిరాశ చేసికొనియుండిరి. డొనాల్డు యంత్రము దానిని పెద్ద నీటితిత్తిగా జూపెను. శస్త్రచికిత్స చేసి దానిని తీసివేయగా నామె బ్రదికెను. చూచితిరా? పామని యందఱు ననుకొన్నది త్రాడయ్యెను.

నేటికిని ఈ విద్య నభ్యసించు యువవైద్యులు నడచు మార్గమిదియే. రోగముల బొమ్మలను కంఠస్థము చేయుటతో వారికి విద్య రాదు. ముందు ఆరోగ్యవంతుల యవయవములను వందలకొలది చూడవలెను. ప్రతి యవయవమును నిలువుగా నొకసారి, అడ్డముగా నొకసారి, ఈ యంచునుండి ఆ యంచువఱకు చూడవలెను. ప్రతిదినము నొకే వరుసను పాటింపవలెను. వరుస తప్పినచో నేదో యొకటి మఱచిపోవుదురు. పరిమాణము, ఆకారము, అంచు, వన్నె, చుట్టుపట్లనున్నవి, ఈ యైదింటిని వరుసగా ప్రశ్నించుకొనవలెను. నేను బడిలో దస్తూరి దిద్దినపుడు చేసినదియు నిదియే. వేలకొలది మంచి అక్షరములను జూచిన కన్ను, గుడిలేని యక్షరము నొక్క చూపున పట్టుకొనును. తప్పుల పట్టికను వల్లించినవానికి అట్టి కన్ను రాదు.

ఇక నుదాహరణములకు వత్తము. కాలేయము క్రింద పిత్తాశయమను చిన్న సంచి గలదు. ఆకారమున చిన్న సొరబుఱ్ఱను బోలును. పరగడుపున నుండగా పైత్యరసముతో నిండి, లోపల నిర్మలమైన నలుపుతో, పలుచని తెల్లని గోడతో గనబడును. గోడ దళసరి మూడు మిల్లీమీటర్లకు మించకుండుట ఆరోగ్యము. నల్లగా నుండుటయే యిచ్చట మంచిది.

రెండేండ్ల క్రిందట నాకును పొట్ట స్కానింగు చేయించిరి. ఆఱేడు గంటలు ఏమియు తినక రమ్మని చీటిలో వ్రాసియుండెను. కాఫీ తిండి కాదుగదా యని తలచి, పాలు, పంచదార వేసి నిండు గ్లాసుడు త్రాగిపోయితిని. కొవ్వుగల ఆహారము కడుపున బడగానే పిత్తాశయము ముడుచుకొని తన రసమును ప్రేగులోనికి వదలును. నాది వాడిన వంకాయవలె ముడుచుకొని యుండెను. గోడ దళసరిగా గనబడెను. అది రోగమువలననా, ముడుచుకొనుటవలననా యని చెప్ప వీలులేకపోయెను. "రేపు పరగడుపున రండు" అనిరి. బస్సు ఖర్చు దండుగ యని గొణుగుకొనుచు వచ్చితిని. దోషము నాదేయని తెలియుటకు మఱునా డుదయము వఱకు పట్టెను.

మఱునాడు సంచి నిండుగా నుండెను. గోడ పలుచగానే యుండెను. కాని లోపల నొక తెల్లని చుక్కయు, దాని వెనుక తోకవలె నల్లని నీడయు నుండెను. "ఎడమప్రక్కకు తిరుగుడు" అని వైద్యుడు చెప్పగా తిరిగితిని. తెఱమీద ఆ చుక్క సొరబుఱ్ఱలో గులకరాయివలె దొర్లి క్రిందికి పోయెను. అది రాయి. నాకు దానివలన నొప్పి లేదు గనుక, ఇట్టి రాళ్లు పెక్కుమందికి బాధ లేకయే యుండుననియు, శస్త్రచికిత్స యిపుడు వలదనియు చెప్పిరి. కుడిడొక్కలో తీవ్రమైన నొప్పి, జ్వరము, కన్నులు పచ్చబడుట, వీనిలో నేది కనబడినను వెంటనే రమ్మని హెచ్చరించిరి. నేటివఱకు ఆ రాయియు నేనును శాంతముగా నున్నాము.

మన పెద్దలు తర్కమున చెప్పు మాట యిచ్చట నుపయోగించును. కొండపై పొగను జూచి నిప్పు కలదని యూహింతుము. ఆ యూహ చెల్లవలెనన్న, చూచినది నిజముగా పొగయే కావలెను, మంచు కాకూడదు. అట్లే తెల్లని మెఱుపు, వెనుక నీడ, ఒడలు త్రిప్పినపుడు కదలిక, ఈ మూడు గుర్తులను గలిపి రాయి యని యూహింతురు. సంచి ప్రక్కనే ప్రేగు గలదు. దానిలోని గాలియు తెల్లగా మెఱసి, మసకనీడ నిచ్చి, రాయివలె మోసగింపవచ్చును. నీడ లేక, కదలక, గోడ నంటుకొనియున్న తెల్లని చుక్క రాయి కాక, గోడపై మొలిచిన చిన్న పిలకయై యుండవచ్చును. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పువాడు మంచును జూచి నిప్పని కేకలు వేయువాడు.

మూత్రపిండము చిక్కుడుగింజ యాకారమున నుండును. పెద్దవారిలో పొడవు సుమారు 9 మొదలు 12 సెంటీమీటర్లు. వెలుపలి భాగము మసకగా, నడుమ క్రొవ్వుండుటచే తెల్లగా గనబడును. ఆ తెల్లని నడిమిభాగమును చీల్చుకొని, కొమ్మలు వేసినట్లు నలుపు వ్యాపించినచో, మూత్రము క్రిందికి పోవు దారి యెక్కడనో యడ్డగింపబడి లోపల నిలిచినదని శంకింతురు. అప్పుడును తొందరపడరు. మూత్రాశయము మిక్కిలి నిండియున్నపుడు ఆరోగ్యవంతునికిని కొంచెము నలుపు గనబడును. మూత్రవిసర్జన చేయించి మరల చూతురు. గర్భిణులకు కుడి మూత్రపిండమున నిట్టి నలుపు కొంత యుండుట సహజము. ఎవరిని, ఏ స్థితిలో చూచుచున్నామని యెఱుగక, సహజమిది, అసహజమిది యని చెప్పరాదు.

మా రైతునకు గనబడిన నీటితిత్తి సంగతియు నిపుడు తెలియగలదు. అది గుండ్రముగా నుండెను. లోపల నొకే నలుపు. గోడ పలుచన, నున్నన. వెనుక తెల్లదనము హెచ్చు. నాలుగును నీటి గుర్తులే. కాగితమున 'సింపుల్ సిస్ట్' అని వ్రాసినది దీనినే. లోపల అడ్డుగోడలుగాని, గట్టి ముద్దగాని, గోడ దళసరిగాని యున్నచో నది వేఱు సంగతి. దానికి మఱికొన్ని పరీక్షలు కావలెను. ఆ రైతు ఎడ్లు నేటికిని అతని కాడిక్రిందనే యున్నవి.

కాలేయమును పరీక్షించువాడు ప్రక్కనున్న కుడి మూత్రపిండముతో పోల్చి చూచును. రెండును ఇంచుమించుగా నొకే వన్నెలో నుండుటగాని, కాలేయము కొంచెము తెల్లగా నుండుటగాని సహజము. కాలేయము మిక్కిలి తెల్లబడి, లోతున మసకబాఱినచో క్రొవ్వు పట్టినదని యూహింతురు. 'ఫ్యాటీ లివరు' అని వ్రాయున దిదియే. ఇది భయముతో మంచము పట్టవలసినది గాదు, నవ్వి త్రోసివేయవలసినదియు గాదు. బరువు తగ్గించుట, నడచుట, మద్యము మానుట, చక్కెరవ్యాధి యున్నదేమో చూపించుకొనుట, ఇవి దానికి మార్గములు. కాలేయపు టంచు నున్నగా నుండక కాకరకాయ తోలువలె బుడిపెలుగా నుండి, చుట్టు నల్లని నీరు చేరినచో నది పెద్ద వ్యాధి, ఆలస్యము కూడదు.

నలుపును గూర్చి యింకొక్క మాట. పిత్తాశయములో నలుపు ఆరోగ్యమని చెప్పితిని. తాటిచెట్టుపైనుండి పడినవానికో, బండిక్రింద బడినవానికో స్కానింగు చేయగా, కాలేయమునకును కుడి మూత్రపిండమునకును నడుమ నల్లని చాఱ గనబడినచో, అది లోపల గాఱిన రక్తము కావచ్చును. పైకి గాయము లేదని యింట పరుండబెట్టిన ప్రాణము పోవును. అదే నలుపు, చోటు మాఱగానే భాగ్యము దౌర్భాగ్యమైనది. వన్నెకంటె చోటు ముఖ్యము.

ఇట్లే తెలుపు. రాతికి గుర్తని చెప్పిన తెల్లని మెఱుపును, వెనుకనీడయు గర్భస్థశిశువు ఎముకలలో నుండుట ఆరోగ్యము. వెన్నెముక ముత్యాల వరుసవలె గనబడును. చుట్టునున్న ఉమ్మనీరు నలుపు. గుండె నిమిషమునకు 110 మొదలు 160 సారులు కొట్టుకొనును. మన గుండెకంటె వేగమని తల్లి భయపడనక్కఱలేదు. తొలినెలలలో శిశువు పొడవును కొలిచినచో కాన్పుదినమును బాగుగా నంచనా వేయవచ్చును. ఇరువదినాలుగు వారములు నిండకముందు ఒక స్కానింగైన జరుగవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2016 వ సంవత్సరమున చెప్పినది. అయిదవ నెలలో మావి క్రిందికున్నదని వ్రాసినచో బెంగపడకుడు. గర్భాశయము పెరిగినకొలది అది పెక్కుమందికి పైకి జరుగును. కాని చివరి నెలలలో మరల చూపించుట మఱువరాదు. అప్పటికిని ద్వారమున కడ్డముగా నున్నచో కాన్పు పెద్ద ఆస్పత్రిలోనే జరుగవలెను.

పెద్దలారా, ఇచ్చట మీకొక ప్రార్థన. ఆ బొమ్మలో ఆడపిల్లయా మగపిల్లవాడా యని యెవరును అడుగరాదు, ఎవరును చెప్పరాదు. 1994 వ సంవత్సరపు చట్టము, 2003 వ సంవత్సరపు సవరణతో, దీనిని గట్టిగా నిషేధించినది. మాటతో చెప్పినను, సైగతో చెప్పినను నేరమే; అడిగినవారికిని కారాగారము, జరిమానా గలవు. చట్టము మాట యట్లుండనిండు. బిడ్డ గుండె కొట్టుకొనుచున్నదా, ఎముకలు పెరుగుచున్నవా, తల్లి క్షేమముగా నున్నదా యని తెలిసికొనుటకు పుట్టిన విద్యతో పుట్టబోవు పిల్లను చంపుట, దీపముతో నిల్లు కాల్చుటవంటిది. కోడలిని స్కానింగునకు పంపునపుడు ఇంట నేమి ప్రశ్న పుట్టునో, అది పెద్దల నోటిమీద నాధారపడియున్నది. "తల్లీబిడ్డలు బాగున్నారా?" అని మీరడిగినచో, ఇల్లంతయు నదే యడుగును.

రంగుల స్కానింగును గూర్చియు నొక మాట. రక్తప్రవాహమును చూపు డాప్లరు పరీక్షలో ఎఱుపు, నీలము గనబడును. ఎఱుపు మంచి రక్తమును గాదు, నీలము చెడు రక్తమును గాదు. వాడుకగా, ప్రోబువైపు వచ్చు ప్రవాహమునకు ఎఱుపును, దూరముగా పోవుదానికి నీలమును యంత్రము వేయును, అంతే.

ఈ విద్యకు మేర లున్నవి. ప్రేగులలోని గాలి వెనుక నున్నది సరిగా తెలియదు. కడుపులోని పుండును సాధారణముగా చూపదు. స్థూలకాయములో శబ్దము లోతునకు పోలేక బొమ్మ మసకబాఱును. అన్నిటికంటె ముఖ్యము, పరీక్షించు చేతి నేర్పు. తెఱమీద బొమ్మ కదలుచుండగా వైద్యుడు ప్రోబును వంచి, త్రిప్పి, రోగిని ఊపిరి పట్టించి చూచును. మన చేతికిచ్చు కాగితపు బొమ్మ ఆ ప్రవాహములో నొక్క క్షణము మాత్రమే. నాటకమంతటికి ఒక్క ఛాయాపటమును జూచి కథ చెప్పలేము గదా! కావుననే కాగితము చివర 'రోగి లక్షణములతో కలిపి చూడవలెను' అను భావమున నొక పంక్తి వ్రాయుదురు. అది మర్యాదకు వ్రాసినది గాదు. బొమ్మ సాక్షి మాత్రమే, న్యాయాధికారి కాదు. సాక్ష్యమును, రోగి చెప్పు బాధను, చేతితో నొక్కి చూచినదానిని, రక్తపరీక్షను గలిపి తీర్పు చెప్పువాడు వైద్యుడు.

కావున మీ యరుగుమీదికి కాగితము వచ్చినపుడు బొమ్మను వెలుతురున కెత్తిపట్టకుడు. మొదటి పంక్తిని మాత్రమే చదివి నిలిచిపోకుడు. చివర సారాంశముగా వ్రాసిన భాగమువఱకు చదువుడు, లేదా చదివించుడు. పాత కాగితములను పారవేయక దాచియుంచి, క్రొత్తవానితోపాటు వైద్యుని యెదుట పెట్టుడు. నిరుటి కొలతకును నేటి కొలతకును గల భేదము ఒక్కొక్కప్పుడు బొమ్మకంటె నెక్కువ చెప్పును. కాగితము బాగున్నదని వ్రాసినను బాధ తగ్గనిచో, బాధనే నమ్మి మరల పొండు. కాగితము చెడ్డగా నున్నదని తోచినచో, ఎడ్లను బేరము పెట్టకముందు వైద్యుని మూడు ప్రశ్నలడుగుడు: ఇది యేమి? ఇది నా బాధకు కారణమా? ఇపుడేమైన చేయవలెనా, వేచి చూడవచ్చునా?

నేడును నా యరుగుమీద కాగితములు వచ్చుచునేయున్నవి. నల్లని మచ్చను చూపి "ఇదియేనా రోగము?" అని యడిగినవారికి నేనిపుడు బదులు చెప్పగలుగుచున్నాను: "అది బదులు రాని చోటు, నాయనా. ఆ చోట బదులు రాకుండుట సహజమా కాదా యని తెలిసినవాని యొద్దకు, రమ్ము, పోదము." ఎడ్లను అమ్మబోయిన రైతు ఇపుడు తానే ఇతరుల వెంట పట్టణమునకు పోయి యీ మూడు ప్రశ్నలను అడిగి వచ్చుచున్నాడు. నా శ్రమకు ఆ ఫలము చాలును.